సహయోగ్ వివాదం వేళ్లు 2015 తీర్పులోనే ఉన్నాయి

పోస్టులు తీసేయమని ప్రభుత్వ ఏజెన్సీలు సోషల్ మీడియా వేదికలకు నోటీసులు పంపే సహయోగ్ పోర్టల్ గొడవ మళ్లీ రాజుకుంది. 2025 సెప్టెంబర్ 24న దాన్ని సవాలు చేసిన ఎక్స్ (పాత ట్విట్టర్) సంస్థ పిటిషన్‌ను కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. నెల తిరక్కుండానే కేంద్రం ఐటీ నిబంధనలు సవరించింది. విజయవాడలో చిన్న యూట్యూబ్ చానల్ నడిపేవాళ్లకు ఇప్పుడు ఒకటే టెన్షన్: మన వీడియో తీసేయమని ఎవరు చెప్పొచ్చు?

ఆన్‌లైన్ రాతలకు అరెస్టులు చేయడానికి వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్ కథ అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను రద్దు చేసినప్పుడు పండగంతా దాని చుట్టూనే జరిగింది. చట్టవిరుద్ధమైన పోస్టు గురించి తెలిసినా తీయకపోతే వేదికకు చట్టరక్షణ పోతుందనే 79(3)(బి) సెక్షన్‌కు అదే తీర్పు చివర్లో చెప్పిన అర్థం మీద పెద్దగా ఎవరి చూపూ పడలేదు. నా లెక్కలో అసలు మలుపు అదే.

అంతకుముందు ఎవరో ఫిర్యాదు చేస్తే, పోస్టు ఉంచాలో తీయాలో వేదికలే తేల్చుకోవాలి. తేడా వస్తే కోర్టుల చుట్టూ తిరగాలి. ఆస్బెస్టాస్ వివాదంలో గూగుల్ గ్రూప్‌లో 2008లో వచ్చిన రాతలపై విశాక ఇండస్ట్రీస్ సికింద్రాబాద్ కోర్టులో పరువునష్టం కేసు వేసింది. సవరణకు ముందున్న పాత ఐటీ చట్టం కింద నడిచిన ఆ కేసును గూగుల్ ఇండియా 2019 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దాకా వెళ్లినా కొట్టేయించుకోలేకపోయింది.

ఈ భయానికే శ్రేయా సింఘాల్ బెంచ్ విరుగుడు చెప్పింది. బెంచ్‌లో జస్టిస్ నారిమన్‌తో పాటు ఉన్నది మన కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టిన జస్టిస్ చలమేశ్వర్. కోర్టు ఉత్తర్వు గానీ, ప్రభుత్వం లేదా దాని ఏజెన్సీ నోటిఫికేషన్ గానీ అందితేనే తొలగించాలి, అదీ భావప్రకటన హక్కుకు పరిమితులు పెట్టే రాజ్యాంగం 19(2)లో ఉన్న కారణాలకే అన్నారు. వేదికలకు రక్షణగా రాసిన మాట అది. అందులో ‘ప్రభుత్వం లేదా దాని ఏజెన్సీ’ అన్న ముక్క తర్వాత ప్రభుత్వానికి దారి అయింది.

పోస్టులను బ్లాక్ చేయడానికి చట్టంలో 69ఎ విడిగా ఉంది. దేశ భద్రత, శాంతిభద్రతల లాంటి కొన్ని కారణాలకే అది పనిచేస్తుంది. కారణం రాతపూర్వకంగా ఉండాలి, కమిటీ చూడాలి. పోస్టు పెట్టిన మనిషి ఎవరో తెలిస్తే అతని మాటా వినాలని 2015 తీర్పే చెప్పింది. ఈ కట్టుదిట్టాలు ఉన్నాయనే ఆ సెక్షన్‌ను కోర్టు నిలబెట్టింది. పరువునష్టం 69ఎ కారణాల్లో లేదు. 79(3)(బి) దారిలో మాత్రం ‘చట్టవిరుద్ధం’ అంటే చాలు, అదీ వచ్చి చేరుతుంది. 2024 అక్టోబర్‌లో హోంశాఖ తెచ్చిన సహయోగ్ ఈ దారినే నడుస్తోంది.

సైబర్ మోసాలు, పిల్లల అశ్లీల దృశ్యాలు, డీప్‌ఫేక్‌ల విషయంలో ఆలస్యం పనికిరాదన్నది ప్రభుత్వ వాదన. అందులో నిజముంది. విదేశీ సంస్థ 19వ అధికరణం కింద హక్కు అడగలేదని కర్ణాటక హైకోర్టు తేల్చింది. సరే, సంస్థకు హక్కు లేదు. పోస్టు పెట్టిన పౌరుడికి ఉంది కదా? అతను ఆ నోటీసులో ఎక్కడా ఉండడు.

2020 మేలో విశాఖ గ్యాస్ లీక్‌పై ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు పెట్టినందుకు గుంటూరులో ఒక పెద్దావిడ మీద సీఐడీ కేసు పెట్టింది. అన్యాయమే, కానీ నోటీసు ఆమె చేతికొచ్చింది, లాయర్‌ను పెట్టుకోవడానికి ఒక కాగితమంటూ ఉంది. 2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో సింగ్‌నగర్ డాబాల మీద నుంచి, మంచినీళ్లు కూడా అందలేదని జనం సెల్‌ఫోన్లలో వీడియోలు తీసి పెట్టారు. రేపు అలాంటి వీడియోకు సహయోగ్ నోటీసు వస్తే అది వెళ్లేది వేదికకే. వేదిక చెబితే తెలుస్తుంది, లేదంటే వీడియో కనిపించకుండా పోయాకే తెలుస్తుంది.

2025 నవంబర్ 15 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ కొంత మేలు. ప్రభుత్వంలో జాయింట్ సెక్రటరీ లేదా సమాన స్థాయి (ఆ పదవి లేనిచోట డైరెక్టర్ స్థాయి), పోలీసుల్లో ప్రత్యేకంగా అధికారమిచ్చిన డీఐజీ స్థాయి అధికారి అయితేనే నోటీసివ్వాలి. ఏ చట్టం, ఏ సెక్షన్, ఏ లింకు అన్నది రాయాలి. నెలనెలా కార్యదర్శి స్థాయి అధికారి సమీక్షించాలి. నోటీసిచ్చేదీ ప్రభుత్వమే, సమీక్షించేదీ ప్రభుత్వమే. తొలగించే ముందు ఆ వీడియో పెట్టిన మనిషిని పిలిచి అడగాలన్న మాట మాత్రం సవరణలో లేదు.