పేకముక్కంత బొమ్మ

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో పంపిన బొమ్మ మళ్లీ తెరవండి. వేళ్లతో పెద్దది చేసుకోండి. నేను పక్కన కూర్చుని చెబుతున్నాననుకోండి.

అది నిజంగా పేకముక్కే. ఎత్తు దాదాపు 9 సెంటీమీటర్లు, వెడల్పు అయిదున్నర. ఫ్రాన్స్‌లో 14వ లూయీ నాలుగేళ్లకే రాజయ్యాడు. ఆ పసివాడికి ఆటలోనే చదువు చెప్పాలని మంత్రి మజారిన్ 1644లో ఇలాంటి ముక్కలు చేయించాడు. పురాణకథల కట్టలో 52 ఉన్నాయి. బొమ్మలు వేసింది ఫ్లోరెన్స్ నుంచి వచ్చిన స్తెఫానో దెల్లా బెల్లా.

మన ముక్క గ్రీకు పురాణాల్లోని డాఫ్నీ అనే అమ్మాయిది. అపోలో దేవుడు ఆమె వెంటపడ్డాడు. ఆమెకు ఇష్టం లేదు. పరుగెత్తి పరుగెత్తి, ఇక దొరికిపోతాననగా తండ్రిని వేడుకుంది. ఆయన నదీదేవుడు. ఆమె అక్కడికక్కడే లారెల్ చెట్టయిపోయింది. చేతులు చూడండి. వేళ్లు అయిపోయి కొమ్మలు మొదలయ్యే చోట గీత ఎంత తేలిగ్గా సాగిందో! ఈ ముక్కలో నాకు ప్రాణం అదే.

అంత తేలిగ్గా ఎలా వచ్చిందంటే, బొమ్మ అచ్చువేసే రాగిరేకును స్తెఫానో ఉలితో చెక్కలేదు. గిన్నె మీద పేరు కొట్టాలంటే లోహంతో బలంగా పోరాడాలి కదా. ఇక్కడ రాగిరేకుకు మైనం లాంటి పూత పూసి, దాని మీద సూదితో గీస్తారు, కాగితం మీద పెన్సిల్ నడిచినట్టే. తర్వాత రేకును యాసిడ్‌లో ఉంచితే పూత పోయిన చోటల్లా రాగిని అది తినేస్తుంది. ఎక్కువసేపు ఉంచితే గీత లోతై నల్లగా అచ్చవుతుంది. పూత తీసేసి, ఆ గాళ్లలో సిరా నింపి, పైపైన తుడిచి, తడి కాగితంతో కలిపి రోలర్ల మధ్య గట్టిగా నొక్కుతారు. దీన్నే ఎచింగ్ అంటారు. గీతల చివరలు చూడండి, ఉలి గీతలా సూదిగా సన్నబడవు, మొద్దుగా ఆగుతాయి.

బొమ్మ కింద చిన్న అక్షరాల్లో కథ కూడా ఉంది, చూశారా? అచ్చులో అంతా తిరగబడుతుంది కాబట్టి ఆ అక్షరాలన్నీ రాగి మీద కుడి నుంచి ఎడమకు, తిప్పి రాయాల్సిందే. అంత చిన్న చోట, ఒక్క తప్పు పోకుండా!

మీరూ మీ పేరు అలా తిప్పి రాయండి. అద్దంలో సరిగ్గా కనిపిస్తే ఆ అద్దాన్ని ఫోటో తీసి నాకు పంపండి.

మీ అమ్మమ్మ