పాత దూలాలతో బండనేల మీద తోట మెట్లు: అపోహలు - వాస్తవాలు

మా కడప చుట్టుపక్కల ఊళ్ళలో పాత మట్టి మిద్దెలు పడగొట్టినప్పుడు వాటి దూలాలు, దంతెలు కట్టెల అడితీలకు చేరతాయి. గుట్ట వాలులో తోటో ఇల్లో ఉన్నవాళ్ళు ఆ కలపతో మెట్లు కట్టించుకుందామని నా దగ్గరికి వస్తుంటారు. ఆలోచన చాలా మంచిది. కానీ కొన్ని తప్పుడు నమ్మకాల వల్ల మంచి కలప మట్టిపాలవుతుంటే చూడలేక ఇది రాస్తున్నాను.

అపోహ: పాత కలపలో బలం ఉండదు.

వాస్తవం: మిద్దె దూలాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. గదిలో గాలి తగులుతూ ఉన్న నడిమి భాగం మీద ఉలి పెట్టి కొడితే ఉలే వెనక్కి తన్నుతుంది. మట్టిగోడలో దిగి ఉన్న రెండు కొనలు మాత్రం చాలాసార్లు గోటితో గీరితే పిండిలా రాలతాయి. చెట్టు ఒకటే, వయసు ఒకటే. తేడా అంతా తడి మట్టి తగలడంలోనే ఉంది. అందుకే దూలం కొనగానే రెండు వైపులా గట్టి చెక్క తగిలేదాకా కోసేస్తాను. మిగిలింది సుత్తితో తడితే ఖంగుమని మోగాలి. మొద్దుగా వినిపిస్తే లోపల డొల్ల. రంపం పెట్టేముందు పాత స్పీకర్ అయస్కాంతాన్ని చెక్క పొడవునా జరపండి. విరిగి లోపలే ఉండిపోయిన మేకు దగ్గర అది పట్టేస్తుంది.

అపోహ: వేప, టేకు అయితే చెదలు ముట్టవు.

వాస్తవం: అవి తొందరగా ముట్టనిది చేవను, అంటే మాను నడిమి గట్టి చెక్కను. చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కను టేకులోనైనా వదలవు. బాడిసెతో దాన్ని చెక్కేశాకే కొలతలు వేయండి.

అపోహ: కాంక్రీటులో పాతేస్తే మెట్టు కదలదు, చెడదు.

వాస్తవం: నేనూ ఇదే నమ్మాను. ఒక మామిడి తోటలో బండ మీద కాంక్రీటు తొట్టిలా పోసి, దూలాలను అందులో కూర్చోబెట్టాను. మూడో ఏడు వానలయ్యాక తోట ఆయన ఫోన్ చేసి, "అన్నా, మెట్టు ఊగుతాంది" అన్నాడు. వెళ్ళి చూస్తే పైన చెక్క ఇనుములా ఉంది. అడుగున స్క్రూడ్రైవర్ పిడిదాకా దిగిపోయింది. ఎండకు చెక్క కుంచించుకుపోయి, కాంక్రీటుకూ దానికీ మధ్య సన్నటి సందు పడుతుంది. ఆ సందులోకి దిగిన వాన నీటికి మళ్ళీ బయటికి దారి ఉండదు. ఆ మనిషికి మెట్లన్నీ మళ్ళీ కట్టిచ్చాను కానీ ఆ కలపను తిరిగి తేలేకపోయాను.

ఇప్పుడు చేసే పద్ధతి వేరు. బండలో 16 ఎం.ఎం. తూటు ఐదారు అంగుళాల లోతు వేస్తాం. సైకిల్ పంపుతో దుమ్మంతా ఊదేస్తాం. దుమ్ము మిగిలితే కమ్మీని అతికించే జిగురు కెమికల్ బండను పట్టదు, ఇక్కడ తొందరపడొద్దు. తూటులో ఆ కెమికల్ నింపి 12 ఎం.ఎం. కమ్మీ నిలబెడతాం. దూలానికి అడుగు వైపు నుంచే తూటు వేసి, దాన్ని ఆ కమ్మీల మీద దించుతాం. పైనుంచి తూటు వేస్తే కమ్మీ వెంబడి నీళ్ళు చెక్క గుండెలోకి దిగుతాయి. తూట్లు సరిగ్గా కలవడానికి ముందుగా ప్లైవుడ్ ముక్క మీద గుర్తులు తీసుకుంటాం. దూలం కింద రెండు మూడు చోట్ల నాపరాయి చిల్లలు పెట్టి అర అంగుళం ఎత్తితే గాలి ఆడుతుంది, చెద మట్టి గీతలు పాకినా కంటికి కనిపిస్తాయి. వెనక నింపేది 20 ఎం.ఎం. కంకరే. మట్టి గానీ క్రషర్ డస్ట్ గానీ పోస్తే తడి పట్టుకుని కూర్చుంటుంది.

అపోహ: బండే పునాది, ఇంకేం చూడక్కర్లేదు.

వాస్తవం: ఎర్రగుంట్ల వైపు నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. పై పొర కింద ఖాళీ ఉంటే కమ్మీ దిగీ లాభం లేదు. గడ్డపారతో కొట్టండి, ఊగే పొరను లేపేయండి.

అపోహ: మనది కరువు సీమ, ఈ వానలకు చెక్కకేం కాదు.

వాస్తవం: అనంతపురంలో ఏడాదికి పడేది సుమారు 550 మి.మీ. వానే. కానీ అది కొన్ని గట్టి దెబ్బల్లో పడుతుంది. బండ దాన్ని పీల్చుకోదు, వాలంతా నీళ్ళు మెట్ల మీదికే వస్తాయి. అందుకే పై మెట్టుకు ఎగువన అడ్డంగా చిన్న కాలువ తీసి నీళ్ళను పక్కకు మళ్ళించండి. ప్రతి మెట్టూ ముందుకు అడుగుకు పావు అంగుళం వాలాలి. రసమట్టం పెట్టి చూసుకోండి.

అపోహ: పాత ఇంజన్ ఆయిల్ పూస్తే చాలు.

వాస్తవం: వద్దు. మెట్టు జారుతుంది, వానకు ఆ నూనె చెట్ల మొదళ్ళలోకి దిగుతుంది. పాత రైల్వే స్లీపర్లూ ఇంతే. క్రియోసోట్ అనే తారు నూనె పట్టించిన ఆ చెక్క ఎండకు నల్లగా కారుతుంది. అది ఒంటికి మంచిది కాదు. పిల్లలు కూర్చునే చోట నేను వాటిని వాడను. కోసిన కొనలకు మాత్రం ఉడికించిన అవిసె నూనె రెండు మూడు పూతలు పట్టించండి. చెక్క నీళ్ళు తాగేది ఎక్కువగా అక్కడినుంచే.

ఎత్తు విషయంలో బండ ఎలా ఉంటే అలా సర్దుకుపోవద్దు. మెట్టుకు ఆరు అంగుళాల ఎత్తు, పద్నాలుగు అంగుళాల వెడల్పు పెట్టుకుంటే పెద్దవాళ్ళకు మోకాళ్ళు నొప్పి పెట్టవు. అన్ని మెట్లూ ఒకే ఎత్తు ఉండాలి. ఒక్కటి అర అంగుళం తేడా ఉన్నా చీకట్లో కాలు అక్కడే తట్టుకుంటుంది. బండ అడ్డొస్తే శానంతో చెక్కించండి. ఏటా జూన్ వానలకు ముందు ఒక పూట కేటాయించి, దూలాల కింద ఇరుక్కున్న ఆకులూ మట్టీ పుల్లతో లాగేయండి.