డాడ్జర్స్ రొటేషన్: నాడు ఐదుగురు, నేడు పదిమందైనా చాలరు

1966లో అమెరికా బేస్‌బాల్ జట్టు లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 162 మ్యాచుల సీజన్ మొత్తాన్ని ఐదుగురు స్టార్టింగ్ పిచర్లతో (మ్యాచ్ మొదట్లో బంతి వేసేవాళ్ళు) నడిపింది. వాళ్ళు వంతులవారీగా దిగే వరసే రొటేషన్. శాండీ కోఫాక్స్ 41 మ్యాచులు మొదలుపెట్టాడు, డాన్ డ్రైస్‌డేల్ 40, క్లాడ్ ఆస్టీన్ 38, డాన్ సటన్ 35. మిగిలిన 8 జో మోలర్ వంతు. అదే జట్టులో 2024లో అందరికంటే ఎక్కువ మ్యాచులు మొదలుపెట్టిన నలుగురు గావిన్ స్టోన్ (25), టైలర్ గ్లాస్నో (22), జేమ్స్ ప్యాక్స్‌టన్ (18), యోషినొబు యమమోటో (18). అప్పటి నలుగురి మొత్తం 154, ఇప్పటి నలుగురిది 83. ఆ తేడాను ఎవరు పూడ్చాలన్నదే ఈరోజు ప్రతి జట్టుకూ ఉన్న సమస్య.

పాత పద్ధతి చేతుల్ని కాపాడిందని మాత్రం అనలేం. కోఫాక్స్ 1965లో 335, మరుసటి ఏడాది 323 ఇన్నింగ్స్ (మామూలుగా మ్యాచ్‌కు తొమ్మిది) వేశాడు. 1966లో 27 మ్యాచులు మొదటి బంతి నుంచి చివరి దాకా తానే ముగించాడు. మోచేతి కీలు అరిగిపోయి ఆ నవంబర్‌లోనే, 30 ఏళ్ళకే ఆట మానేశాడు. ఆ రోజుల్లో చెయ్యి పోతే ఆట పోయినట్టే.

దాన్ని మార్చిందీ డాడ్జర్స్ శిబిరమే. 1974 సెప్టెంబర్ 25న డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆ జట్టు పిచర్ టామీ జాన్ మోచేతిలో తెగిన లిగమెంట్ స్థానంలో, ముంజేతి నుంచి తీసిన స్నాయువును ఎముకల్లో రంధ్రాలు చేసి అల్లాడు. కోలుకునే అవకాశం నూటికి ఒక పాలేనని జోబ్ ముందే చెప్పాడు. జాన్ 1975 అంతా కూర్చుని, 1976లో తిరిగొచ్చి, ఆ తర్వాత 164 మ్యాచులు గెలిచాడు. అంటే చెయ్యి బాగవుతుంది, కానీ ఏడాదిపైన పడుతుంది. ఆ ఏడాది పాటు అతని స్థానంలో ఇంకొకరు వెయ్యాలి.

డెబ్బైలలో జట్లు నలుగురి వరస నుంచి ఐదుగురికి మారాయి, మూడు రోజుల విశ్రాంతి నాలుగైంది. 1980లో స్టీవ్ కార్ల్‌టన్ తర్వాత 300 ఇన్నింగ్స్ వేసినవాడు లేడు. భారం తగ్గింది కాబట్టి గాయాలూ తగ్గాలి, కానీ తగ్గలేదు. 2008లో సగటు ఫాస్ట్‌బాల్ వేగం గంటకు 91.3 మైళ్ళు, 2024లో 94.2. ఎక్కువసేపు ఉండాలని ఎవరూ శక్తి దాచుకోవడం లేదు, ప్రతి బంతీ పూర్తి బలంతోనే పడుతోంది. పైగా ఒకే బ్యాటర్ మూడోసారి ఎదురైతే పిచర్‌కు దెబ్బ ఎక్కువని లెక్కలు తేల్చాక, ఐదారు ఇన్నింగ్స్‌కే దింపేస్తున్నారు. ఈ గాయాల మూలం ప్రధానంగా ఈ వేగపు వెంపర్లాటలోనే ఉంది.

2024 డాడ్జర్స్ దీనికి నిలువెత్తు ఉదాహరణ. టోనీ గాన్సొలిన్ అప్పటికే మోచేతి సర్జరీలో ఉన్నాడు. మే నెలలో ఎమ్మెట్ షీహన్‌కూ అదే సర్జరీ. జూన్‌లో యమమోటో భుజం పట్టేసింది, మూడు నెలలు పోయింది. జులై 22న రివర్ ర్యాన్ తొలి మ్యాచ్ ఆడాడు. నాలుగు మ్యాచులు మొదలుపెట్టాడో లేదో ఆగస్టులో అతని మోచెయ్యీ పోయింది. గ్లాస్నో 134 ఇన్నింగ్స్ దగ్గర ఆగిపోయాడు, అతని కెరీర్‌లో అదే గరిష్ఠం. జులై చివర్లో డెట్రాయిట్‌కు ఇద్దరు యువకులను ఇచ్చి జాక్ ఫ్లాహెర్టీని తెచ్చుకోవాల్సి వచ్చింది.

అంత డబ్బున్న జట్టు ముందే పదిమందిని కొని పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. నిబంధనలు అడ్డం. 26 మంది జట్టులో పిచర్లు 13కు మించకూడదు. ఆరో, ఏడో స్టార్టర్ ట్రిపుల్-ఏలో (మేజర్ లీగ్‌కు సరిగ్గా కింది స్థాయి) ఆడుతూ ఉండాలి, పిలిస్తే రావాలి, పంపితే వెళ్ళాలి. అందుకు అతని దగ్గర ‘ఆప్షన్’, అంటే జట్టు అతన్ని స్వేచ్ఛగా కిందికి పంపగల ఏడాది, మిగిలి ఉండాలి. ఆటగాడికి అలాంటి ఏళ్ళు మామూలుగా మూడే. 2022 నుంచి ఒక సీజన్లో ఐదుసార్లకు మించి కిందికి పంపకూడదు. పంపిన పిచర్ 15 రోజులు అక్కడే ఉండాలి, ఎవరైనా గాయపడితేనే మినహాయింపు. మేజర్ లీగ్‌లో ఐదేళ్ళ సర్వీసు దాటినవాడు వెళ్ళనంటే చేసేదేమీ లేదు. కాబట్టి పేరున్న పాతవాళ్ళతో ఈ నిల్వ నిండదు, ఆప్షన్లున్న కుర్రాళ్ళే కావాలి.

బుల్‌పెన్ (స్టార్టర్ దిగాక వచ్చి కొద్దిసేపు బంతి వేసేవాళ్ళ బృందం) నుంచి ఒకణ్ణి లాగి స్టార్టర్ చేద్దామన్నా కుదరదు. 20 బంతులకు అలవాటైన చెయ్యి 80–90కి చేరాలంటే విడతకు పదిహేను చొప్పున, మధ్య నాలుగైదు రోజులు వదిలి, మెల్లగా పెంచుకుంటూ పోవాలి. దానికి సుమారు నెల పడుతుంది. ఈలోపు స్టార్టర్ లేకుండా బుల్‌పెన్ వాళ్ళే పంచుకునే బుల్‌పెన్ గేమ్ ఆడితే ఏడెనిమిది మంది చేతులు ఒక్క రాత్రే ఖర్చవుతాయి. 2024 పోస్ట్‌సీజన్లో (సీజన్ ముగిశాక టైటిల్ కోసం ఆడే సిరీస్‌లు) అక్టోబర్ 9న శాన్‌డియేగోలో ఎనిమిది మంది కలిసి 8–0తో గెలిపించారు, నిజమే. కానీ మెట్స్ మీద రెండో మ్యాచ్, ఫైనల్‌లో యాంకీస్ మీద నాలుగో మ్యాచ్ ఆ దారిలోనే ఓడిపోయారు.

చివరికి 2024 టైటిల్ గెలిచాక కూడా డాడ్జర్స్ ఊరుకోలేదు. బ్లేక్ స్నెల్‌కు ఐదేళ్ళకు 18.2 కోట్ల డాలర్లు ఇచ్చారు, రోకి ససాకిని తెచ్చారు. 2025 మే సగానికల్లా స్నెల్, గ్లాస్నో, ససాకి ముగ్గురూ గాయాల జాబితాలో ఉన్నారు. బ్యాటింగ్‌తో పాటు పిచింగ్ కూడా చేసే షోహెయ్ ఒహ్‌తానీ జూన్ 16 దాకా మ్యాచుల్లో బంతి వేయలేదు, ఆ తర్వాత కూడా ఒక్కో ఇన్నింగ్స్‌తో మొదలుపెట్టాడు. ఆ వేసవిని మోసింది యమమోటోతో పాటు 37 ఏళ్ళ క్లేటన్ కెర్షా (22 మ్యాచులు), జులై ఆఖర్లో బోస్టన్‌కు ఇచ్చేసిన డస్టిన్ మే (18), సర్జరీ నుంచి లేచొచ్చిన షీహన్. అక్టోబర్‌కు స్నెల్, గ్లాస్నో, ఒహ్‌తానీ తాజా చేతులతో సిద్ధమయ్యారు. పోస్ట్‌సీజన్లో కెర్షా, మే, షీహన్‌లలో ఒక్కరికీ డాడ్జర్స్ తరఫున మ్యాచ్ మొదలుపెట్టే వంతు రాలేదు.