సూర్యుడు వెలగాలంటే ఖరీదైన ఆరెంజ్ కొనాలా? ఆయిల్ పెయింటింగ్‌లో అపోహలు - వాస్తవాలు

"సార్, నా సూర్యుడు వెలగడం లేదు. ఇంతకన్నా మంచి ఆరెంజ్ ఏ కంపెనీది?" ఆయిల్స్‌లో సూర్యాస్తమయం మొదలుపెట్టిన వాళ్లు బొమ్మ ఫొటో పంపి అడిగే ప్రశ్న ఇదే. ఫొటో తెరవకముందే తెలిసిపోతుంది: ఆకాశమంతా ఆరెంజ్, నీళ్లంతా ఆరెంజ్, ఆఖరికి కొండ మీదా ఆరెంజే.

అపోహ: రంగు ఎంత గాఢంగా వేస్తే అంత వెలుగు.

వాస్తవం: ట్యూబులో వెలుగు ఉండదు. మన దగ్గరున్న అన్నిటికన్నా లేత రంగు తెలుపు. అదీ గదిలోని వెలుతురును తిప్పి పంపుతుందే తప్ప సొంతంగా వెలగదు. కాన్వాస్ మీద మనం వెలుగు అనుకునేది పక్కపక్క రంగుల మధ్య తేడా. పట్టపగలు పెట్టిన దీపం ఎవరి కంటికీ ఆనదు. అంతా మెరిసే ఆకాశంలో సూర్యుడి గతీ అంతే. ఆకాశంలో ఎక్కువ భాగాన్ని బూడిద కలిసిన ఊదా, నీలాలతో అణచిపెట్టండి, మధ్యలో చిన్న ఆరెంజ్ ముద్ద పెడితే చాలు, భగ్గుమంటుంది. ఆ బూడిదకు వేరే ట్యూబు అక్కర్లేదు. అల్ట్రామెరైన్‌లో (ముదురు నీలం) కాస్త ఆరెంజ్, కొంచెం తెలుపు కలిపితే వచ్చేస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే 1872 నాటి 'ఇంప్రెషన్, సన్‌రైజ్'ను బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. (అది సూర్యోదయం. సూత్రం మాత్రం ఒకటే.) సూర్యుడు చుట్టూ ఉన్న మబ్బులో దాదాపు కలిసిపోతాడు. సూర్యుడి టోను, మబ్బు టోను (అంటే లేత-ముదురు స్థాయి) దాదాపు ఒకటే. చల్లటి బూడిద నీలం మధ్యలో వేడి ఆరెంజ్ ఉండటమే అక్కడ కిటుకు.

నా దగ్గర నేర్చుకునే ఒకావిడ వెలుగు కోసం రకానికొక క్యాడ్మియం ట్యూబు (గాఢమైన పసుపు, ఆరెంజ్, ఎరుపు రంగులు) కొంటూ పోయారు. అవి ఎంత ఖరీదో మీకు తెలిసిందే. చివరికి "నాకు రంగులు రావేమో సార్" అని మానేసేదాకా వచ్చారు. సూర్యుడి జోలికి వెళ్లకుండా చుట్టూ ఆకాశం మెరుపును మాత్రం ఒక మెట్టు దించమన్నాను. తడి మీదే బూడిద ఊదా వేశారు. సూర్యుడు వెలిగాడు. కాసేపు చూసి "ఇదేంటి, నేను సూర్యుణ్ణి ముట్టుకోనే లేదు కదా!" అన్నారు. టెన్షన్ పడుతున్న వాళ్లందరికీ చెప్పేది ఇదే: లోపం మీ చేతిలో లేదు, షాపు లిస్టులోనూ లేదు.

వెలుగు చాలడం లేదని తెలుపు దట్టించడం దీని తమ్ముడు లాంటి పొరపాటు. టైటానియం వైట్ ఆరెంజ్‌ను లేతగా చేస్తుంది, దాంతోపాటే పాలిపోయేలా, చల్లగా కూడా చేస్తుంది. ముందు పసుపుతో లేత చేయండి, తెలుపు చివర్లో రవ్వంత.

ఇక మిగతావి. "నలుపు ముట్టుకోకూడదు" అని ఎవరు పుట్టించారో గానీ, ఐవరీ బ్లాక్‌లో పసుపు కలిపితే చీకటి చెట్లకు చక్కటి ఆకుపచ్చ వస్తుంది. చెట్లను ఉత్త నలుపుతో నింపేయడానికి కారణం ఫోన్ ఫొటో. కెమెరా ఆకాశాన్ని చూసుకుని నేలను నల్లగా చేసేస్తుంది, కంటికి అక్కడ బోలెడు రంగులుంటాయి. పసుపు, నీలం కలిసేచోట ఆకాశం ఆకుపచ్చగా మారితే మధ్యలో లేత గులాబీ పట్టీ వేయండి, బ్రష్ తుడుచుకోండి.

వేలికి అంటడం లేదంటే ఆరిపోయినట్టు కాదు. రంగులో ఉండే లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) నీళ్లలా ఆవిరైపోదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. అందుకే బొమ్మ మీద చివర్లో పూసే మామూలు వార్నిష్‌కు ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆగమంటారు.

అన్నట్టు, ఆ నూనె తుడిచిన గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయన్నది పుకారు కాదు, నిజం. గట్టిపడేటప్పుడు పుట్టే వేడి ఉండచుట్టిన గుడ్డలో చిక్కుకుపోతుంది. నీళ్లలో తడిపి, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి.