అప్పుడు పాత కారు, ఇప్పుడు కళాఖండం: ఫెరారీ 250 జీటీఓ గొడవ వెనుక కథ

1960ల నాటి ఇటలీ రేసు కారు ఫెరారీ 250 జీటీఓ ఆకారం ఎవరి సొత్తు? ఈ వాదన మళ్ళీ తెర మీదికి వచ్చింది. ఈ కారు పేరు వేలంపాటలో వినిపించినప్పుడల్లా ఇది లేస్తూనే ఉంటుంది. 2023 నవంబర్‌లో న్యూయార్క్‌లో ఒక 1962 నాటి కారు 5.17 కోట్ల డాలర్లు పలికింది. అంత ధర ఉన్న వస్తువుకు నకళ్ళు చేసి అమ్ముదామనుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళను ఆపాలని చూసే కంపెనీ ఉంటుంది. మధ్యలో కోర్టులు, రిజిస్ట్రేషన్ కాగితాలు.

కంపెనీ స్థాపకుడు ఎంజో ఫెరారీ జీవితం, మారనెల్లో ఫ్యాక్టరీ పుట్టుక, ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల ల మాన్స్ రేసులో గెలుపులు చాలామందికి తెలిసినవే. వాటి జోలికి పోవడం లేదు. ఈ గొడవ అర్థం కావాలంటే 1961 సెప్టెంబర్ నుంచి 1962 వేసవి దాకా జరిగింది చూస్తే చాలు.

ముందు ఇప్పటి సంగతి. ఇటలీలో మోడెనా నగరంలోని ఆరెస్ డిజైన్ అనే సంస్థ, కొత్త ఫెరారీని తీసుకుని దాని మీద 250 జీటీఓను పోలిన బాడీ కట్టి అమ్మాలనుకుంది. ఫెరారీ కోర్టుకెక్కింది. 2019 జూన్‌లో బొలోన్యా కోర్టు ఫెరారీ వైపే మాట్లాడింది. ఈ కారు ఆకారం కళాకృతి కిందికి వస్తుందని, దాన్ని పోలిన కారును తయారు చేయడం, అమ్మడం, ప్రచారం చేసుకోవడం కుదరదని తేల్చింది. ఇటలీలో ఒక కారుకు అలాంటి గుర్తింపు రావడం అదే మొదటిసారి.

ఏడాది తిరిగేసరికి కథ మారింది. ఈ ఆకారాన్నే ఫెరారీ యూరప్‌లో ట్రేడ్‌మార్కుగా కూడా రిజిస్టర్ చేయించుకుని ఉంది. దాన్ని రద్దు చేయాలని ఆరెస్ అడిగింది. ట్రేడ్‌మార్కు వాడుకలో ఉంటేనే హక్కు నిలుస్తుంది. ఐదేళ్ళు వాడకపోతే పోతుంది. 250 జీటీఓ తయారీ 1964తోనే ఆగిపోయింది. కాబట్టి వాహనాల వరకు ఆ హక్కు చెల్లదని 2020లో యూరోపియన్ యూనియన్ మేధో సంపత్తి కార్యాలయం నిర్ణయించింది. పిల్లలు ఆడుకునే, పెద్దలు అద్దాల బీరువాలో పెట్టుకునే బొమ్మ కార్లకు మాత్రం దాన్ని ఉంచింది.

అంటే ఫెరారీ చేతిలో గట్టిగా మిగిలిన వాదన ఒకటే: ఇది కళ. అందుకే 1962లో ఇదే కంపెనీ ఇదే బాడీ గురించి ఏం చెప్పిందో గుర్తు చేసుకోవాలి.

ఆ ఏడాది నుంచి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను జీటీ కార్లకు పెట్టారు. జీటీ అంటే జనం కొనుక్కోగలిగే కారు అయి ఉండాలి. వరుసగా 12 నెలల్లో కనీసం 100 కార్లు తయారు చేస్తేనే అనుమతి. ఫెరారీ తయారు చేసిన 250 జీటీఓలు మొత్తం 36. నాలుగు లీటర్ల ఇంజిన్ వేసిన మూడింటినీ కలిపినా 39. మూడేళ్ళ లెక్క అది. మరి అనుమతి ఎలా వచ్చింది?

అధికారులు లెక్క చూడటానికి వస్తే ఉన్న కార్లనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి తిప్పి చూపించారని, చాసిస్ (కారు అడుగు చట్రం) నంబర్లు మధ్యలో వదిలేసి ఎక్కువ కార్లున్నట్టు నమ్మించారని ఒక కథ బాగా తిరుగుతుంది. చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ ఫెరారీకి అంత శ్రమ పడాల్సిన అవసరమే లేదు. నంబర్ల విషయమైతే, రోడ్డు కార్లకు బేసి సంఖ్యలే వేయడం అక్కడ ముందు నుంచీ అలవాటు. అసలు దారి కాగితాల్లో ఉంది. ఇది కొత్త కారు కాదు, ఇప్పటికే అనుమతి ఉన్న 250 జీటీ షార్ట్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం తక్కువగా ఉండే) కారే, బాడీ మార్చాం అంతే, అని కంపెనీ చెప్పింది. బాడీ మార్చుకోవడానికి నిబంధనల్లో వెసులుబాటు ఉంది. కారు రేసుల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్ఐఏ ఒప్పుకుని, పాత కారు పత్రాలకే పొడిగింపుగా అనుమతి ఇచ్చింది. జీటీఓలో చివరి అక్షరం ఆ అనుమతిదే. ఇటాలియన్‌లో ఒమొలొగాటో అంటే ఆమోదం పొందినది.

బాడీ అప్పుడు లెక్కలోకి రాని చిన్న మార్పు. 57 ఏళ్ళ తర్వాత కోర్టులో ఆ బాడీయే సర్వస్వం అయింది. చట్టం దృష్టిలో ఈ రెండు మాటలూ కలిసి నిలబడగలవేమో. రేసింగ్ నిబంధన వేరు, కాపీరైటు వేరు. కానీ రెండు సార్లూ మాట్లాడింది ఆ అల్యూమినియం రేకు గురించే. కాబట్టి ఆ రేకును ఎవరు వంచారో అడగక తప్పదు.

జొట్టో బిజ్జారినీ లివోర్నో వైపు మనిషి, 1926లో పుట్టాడు. పిసా విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ చదివాడు. ఫెరారీలో చేరి, కార్లను తయారు చేయడమే కాకుండా స్వయంగా నడిపి పరీక్షించే పని కూడా చూసేవాడు. షార్ట్ వీల్‌బేస్ కారుకు బలం ఉంది గానీ ముక్కు మొద్దుగా ఉండేది. వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చుకుని పోలేక, ముందు భాగం పైకి తేలినట్టయ్యేది. బిజ్జారినీ ఇంజిన్‌ను వెనక్కి, కిందికి జరిపాడు. ఇంజిన్ అడుగున ఆయిల్ తొట్టి లేకుండా, ఆయిల్‌ను విడి ట్యాంకులో ఉంచే డ్రై సంప్ పద్ధతి పెట్టాడు. దాంతో బానెట్ బాగా దిగింది. నమూనాను తను చదువుకున్న పిసాలోనే గాలి సొరంగంలో పెట్టి చూశాడు. ఆ పొడవాటి పల్చటి ముక్కు అలా వచ్చింది, అందం కోసం గీసింది కాదు.

1961 సెప్టెంబర్‌లో మోంజా ట్రాక్ మీద బ్రిటిష్ రేసర్ స్టిర్లింగ్ మాస్ నడిపి చూసిన తొలి కారు గతుకులు గతుకులుగా, అతుకులు కనిపిస్తూ ఉండేది. దానికి ఇల్ మోస్ట్రో అని పేరు పడింది, రాక్షసి అని అర్థం.

రెండు నెలలు కూడా గడవలేదు. ఫ్యాక్టరీ వ్యవహారాల్లో ఎంజో భార్య లారా జోక్యం పెరిగిపోయిందని పెద్ద స్థాయి ఉద్యోగులు కొందరు అభ్యంతరం చెప్పారు. సేల్స్ మేనేజర్ జిరొలామో గార్దినీని పంపించేయడంతో అది ముదిరింది. చీఫ్ ఇంజినీర్ కార్లో కీటీ, రేసింగ్ జట్టు మేనేజర్ రొమొలో తవోనీ, బిజ్జారినీ, ఇంకొందరు కలిసి రాతపూర్వకంగా తమ మాట చెప్పారు. ఎంజో వాళ్ళందరినీ బయటికి పంపేశాడు. నాలుగు గోడల మధ్య కూర్చుని మాట్లాడుకుంటే తీరే విషయం కోసం ఒక తరం మేధస్సును గేటు దాటించిన రోజు అది. ఎంజో వైపు నుంచి చూస్తే సంస్థ తనది, క్రమశిక్షణ తన ఇష్టం. ఆ మాటకు బదులు లేదు. కానీ ఈ రోజు కోర్టులు కళ అంటున్నది ఆ గేటు దాటిన మనిషి ముక్కాలు వంతు పూర్తి చేసి వదిలిన పని.

మిగిలినది 26 ఏళ్ళ ఇంజినీరు మౌరో ఫోర్గియెరీ నెత్తిన పడింది. అతను భయపడుతూనే చేపట్టి, వెనక ఇరుసు పక్కలకు ఊగకుండా వాట్స్ లింకేజీ అనే కడ్డీల అమరిక పెట్టి కారుకు నిలకడ తెచ్చాడు. అతని వాటాను తక్కువ చేయకూడదు. ఇక బాడీ మోడెనాలో కారు బాడీలు కట్టే సెర్జియో స్కలియెత్తి షెడ్డుకు వెళ్ళింది.

అక్కడ పని జరిగే తీరు తెలిస్తే కోర్టు తీర్పు ఇంకో రకంగా కనిపిస్తుంది. స్కలియెత్తి డ్రాయింగుల మీద ఆధారపడే మనిషి కాదు. రేకును ఇసుక సంచి మీద పెట్టి సుత్తితో కొడుతూ, కంటితో చూస్తూ, చేత్తో తడుముతూ వంపు తెచ్చేవాళ్ళు. కాబట్టి ఏ రెండు జీటీఓలూ అచ్చంగా ఒక్కలా ఉండవు. ముక్కు మీద సగం చందమామల్లా మూడు రంధ్రాలుంటాయి. వాటికి తీసి పెట్టుకునే మూతలు. చలిగా ఉంటే మూసేస్తారు, ఇంజిన్ వేడెక్కితే తీసేస్తారు. లోపల కార్పెట్ లేదు, స్పీడోమీటరే లేదు. రేసులో ఎంత వేగంతో పోతున్నామో చూసుకునే తీరిక ఎవరికి? ఇంజిన్ తిరుగుడు చెప్పే మీటరు ఉంటే చాలు. నూనె, నీళ్ళు, పెట్రోలు పోయకుండా బరువు దాదాపు 880 కిలోలు, బలం సుమారు 300 హార్స్‌పవర్. 1962 మార్చిలో అమెరికాలోని సీబ్రింగ్ 12 గంటల రేసులో ఫిల్ హిల్, ఒలివియే జాంద్‌బియాన్ ఈ కారును మొత్తం మీద రెండో స్థానంలో, జీటీ కార్లలో మొదటి స్థానంలో నిలిపారు. ఛాంపియన్‌షిప్ 1962, 63, 64 మూడేళ్ళూ ఫెరారీదే.

బిజ్జారినీ ఊరుకోలేదు. బయటికి వచ్చినవాళ్ళు పెట్టిన కొత్త సంస్థకు డబ్బు సాయం చేసిన కౌంట్ జొవానీ వోల్పీకి జీటీఓలు అమ్మేది లేదని ఎంజో చెప్పేశాడు. దాంతో వోల్పీ తన దగ్గరున్న షార్ట్ వీల్‌బేస్ కారునే బిజ్జారినీ చేతిలో పెట్టాడు. ఆయన దానికి ఇంకా కిందికి దిగిన ముక్కు, వెనక వరకు తిన్నగా సాగి ఒక్కసారిగా తెగిన కప్పు పెట్టించాడు. రొట్టెలు మోసే బండిలా ఉందని ఇంగ్లిష్ పత్రికలు దానికి బ్రెడ్‌వ్యాన్ అని పేరు పెట్టాయి. 1962 ల మాన్స్‌లో అది అసలు జీటీఓల కంటే ముందు పరుగెత్తింది. నాలుగో గంటలో డ్రైవ్‌షాఫ్ట్ (ఇంజిన్ బలాన్ని చక్రాలకు చేరవేసే కడ్డీ) పోయి ఆగింది.

ఇక్కడే ఆగి చూడాలి. అదే చాసిస్, మార్చింది బాడీ. ఫెరారీ చెప్పిన లెక్క ప్రకారం ఇదీ పాత కారే కావాలి. కానీ బ్రెడ్‌వ్యాన్‌ను జీటీ వర్గంలోకి రానివ్వలేదు, ప్రయోగాత్మక కార్లతో కలిపి నడిపించారు. ఫ్యాక్టరీ మార్చిన బాడీకి ఒక న్యాయం, దాన్ని పుట్టించిన మనిషి మార్చిన బాడీకి ఇంకో న్యాయం. ఈ కథలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే చోటు ఇదే.

రెండేళ్ళ తర్వాత అదే మాట ఫెరారీకి పనికిరాలేదు. 250 ఎల్ఎం కారులో ఇంజిన్ డ్రైవర్ వెనక ఉంటుంది. దాన్ని కూడా 250 జీటీకి కొనసాగింపే అంటే ఎఫ్ఐఏ ఈసారి నమ్మలేదు. ఇటలీ ఆటోమొబైల్ క్లబ్బు కూడా అండగా నిలవలేదన్న కోపంతో ఎంజో 1964 చివరి రెండు ఫార్ములా వన్ రేసుల్లో ఇటలీ రేసు కార్లకు గుర్తయిన ఎరుపు రంగు వదిలేసి, అమెరికా జట్టు పేరుతో నీలం, తెలుపు కార్లు దింపాడు. ఫెరారీ డ్రైవర్ జాన్ సర్టీస్ మెక్సికోలో ప్రపంచ ఛాంపియన్ అయింది ఆ నీలం ఫెరారీలోనే.

రేసులకు పాతబడ్డాక జీటీఓలను పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఒకదాన్ని యజమాని టెక్సాస్‌లో ఒక హైస్కూలుకు, పిల్లలు మెకానిక్ పని నేర్చుకోవడానికి ఇచ్చేశాడు. తర్వాత అదే కారు ఏళ్ళ తరబడి ఒహాయోలో ఆరుబయట ట్రైలర్ మీద ఎండకు ఎండింది, వానకు తడిసింది. ధరలు పెరిగాకే నకళ్ళ వ్యాపారం మొదలైంది. నాలుగు సీట్ల 250 జీటీఈలను కోసి జీటీఓలుగా మార్చారు. జపాన్ కార్లు డాట్సన్ 240జెడ్‌లకు ఫైబర్ తొడుగులు వేశారు. కొనేవాడిని మోసం చేయకుండా చూడటం ఫెరారీ బాధ్యత, ఆ మేరకు దాని వాదన సబబే.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఇటలీ కాపీరైటు చట్టం పారిశ్రామిక ఆకృతులను కాపాడాలంటే వాటికి సృజనాత్మకత, కళా విలువ రెండూ ఉండాలి. ఆ రక్షణ కర్త జీవించి ఉన్నంత కాలం, ఆ తర్వాత ఇంకో 70 ఏళ్ళు. మరి ఈ కారుకు కర్త ఎవరు? ముక్కు దించిన బిజ్జారినీ 2023లో పోయాడు. కారుకు నిలకడ తెచ్చిన ఫోర్గియెరీ 2022లో. సుత్తి పట్టిన స్కలియెత్తి 2011లో. ఆ 70 ఏళ్ళను ఎవరి మరణం నుంచి లెక్కపెట్టాలో తేల్చాలంటే, 1961లో గేటు బయటికి పంపిన మనిషి పేరును ఫెరారీ తరఫు లాయర్లే కోర్టులో చదవాల్సి వస్తుంది.