20 సెకన్లు ఎక్కడ మొదలవుతాయి? లాక్రోస్ క్లియరింగ్‌పై అపోహలు - వాస్తవాలు

నేను లాక్రోస్ రిఫరీని. చివర వల ఉన్న స్టిక్‌తో బంతిని పట్టి, విసిరి గోల్ కొట్టే ఆట ఇది. ఒక మ్యాచ్ అయిపోయాక బ్యాగు సర్దుకుంటుంటే ఒక కుర్రాడి తండ్రి ఫోన్ చేత్తో పట్టుకుని వచ్చారు. స్టాప్‌వాచ్‌లో 23 సెకన్లు. "చూడండి సార్, వాళ్లకి మూడు సెకన్లు ఎక్కువిచ్చారు" అన్నారు. ఆయన ఫోన్ తప్పు చూపించలేదు. గోలీ (గోల్‌కీపర్) ఒంటికి బంతి తగలగానే ఆయన బటన్ నొక్కేశారు. నేను నొక్కలేదు. ఆ బంతి గోలీ ఛాతీకి కొట్టుకుని కింద పడింది, ముగ్గురు దాని మీదికి వంగారు, చివరికి డిఫెండర్ స్టిక్‌లోకి చేరింది. బంతిని మధ్య గీత దాటించడానికి నేను లెక్కపెట్టే 20 సెకన్లు అప్పుడు మొదలయ్యాయి.

క్లియర్ అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కలు. తన గోల్ వైపు బంతి సంపాదించిన జట్టు దాన్ని మధ్య గీత దాటించి అవతలి సగంలోకి తీసుకెళ్లడమే క్లియర్. అడ్డుకునే జట్టు చేసేది రైడ్. అమెరికా హైస్కూల్ బాలుర ఆటలో మధ్య గీత దాటడానికి 20 సెకన్లు, అక్కణ్నుంచి అవతలి గోల్ చుట్టూ గీసిన గోల్ ఏరియాలోకి చేరడానికి మరో 10. నేను విజిల్ ఊదేది ఆ ఆటకే కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ముఖ్యంగా దాని గురించే.

అపోహ: బంతి డిఫెన్స్ చేతికి తగిలిన క్షణం నుంచి లెక్క మొదలు.

వాస్తవం: తగలడం వేరు, స్వాధీనంలోకి రావడం వేరు. బంతి స్టిక్‌లో ఉండి, దాన్ని పట్టుకోవడం, ఊపుతూ పరుగెత్తడం, పాస్ ఇవ్వడం, షాట్ కొట్టడం లాంటి మామూలు పనులు ఆటగాడు చేయగలిగే స్థితిలో ఉంటేనే అది అతని స్వాధీనంలో ఉన్నట్టు. కింద పడ్డ బంతిని స్టిక్‌తో అదిమిపెట్టినా, కాలితో పక్కకు తన్నినా లెక్క మొదలవదు. గ్రౌండ్ బాల్, అంటే కింద పడ్డ బంతి దగ్గర నేను స్టిక్ తలకాయనే చూస్తుంటాను. బంతి వలలో ఒకసారి ఎగిరి కుదురుకుంటుంది, ఆటగాడి పై చెయ్యి కొంచెం పైకి జారుతుంది, తల లేస్తుంది. "ఇప్పుడు వీడు పాస్ ఇవ్వగలడా?" అని నన్ను నేనే అడుగుతాను. అవునని అనిపిస్తే బొటనవేలు టైమర్ మీద పడుతుంది. ఇదంతా అర సెకను పని. ఆ అర సెకనులో ఇద్దరు రిఫరీలు అచ్చంగా ఒకేలా చూడరు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. ఆట ఆగి మళ్లీ మొదలయ్యే సందర్భంలో ఈ గొడవ లేదు, విజిల్‌తోనే లెక్క మొదలు.

అపోహ: మధ్యలో బంతి చేజారితే మళ్లీ 20 సెకన్లు వస్తాయి.

వాస్తవం: రావు. పాస్ తప్పి పడిపోయినా, రైడ్ చేసేవాడు స్టిక్ మీద కొట్టి బంతిని జారవిడిచేలా చేసినా పాత లెక్కే నడుస్తుంది. కొత్త లెక్క రావాలంటే బంతి ముందు ప్రత్యర్థి స్వాధీనంలోకి వెళ్లి, మళ్లీ వీళ్లకు దొరకాలి. బంతి ప్రత్యర్థి స్టిక్‌లో కుదురుకుని వెంటనే ఊడిపోయినా చాలు, కొత్త 20 సెకన్లు ఇవ్వాల్సిందే. అసలైన టెన్షన్ ఇక్కడే. వాడికి బంతి నిజంగా దొరికిందా, స్టిక్‌కు తగిలి పడిపోయిందా? ఈ ప్రశ్నకు కోచ్‌లిద్దరి దగ్గరా రెండు జవాబులుంటాయి, రెండూ పెద్ద గొంతుతోనే!

అపోహ: గోలీకి ఇచ్చే 4 సెకన్లు అదనం, అంటే మొత్తం 24.

వాస్తవం: రెండు లెక్కలూ పక్కపక్కనే నడుస్తాయి. క్రీజు అంటే గోల్ చుట్టూ 9 అడుగుల వ్యాసార్ధంతో గీసిన వలయం. అందులో బంతి పట్టుకున్న గోలీ 4 సెకన్లలో దాన్ని బయటికి పంపాలి లేదా తనే బయటికి రావాలి. అదే సమయంలో 20లోంచి కూడా ఆ 4 ఖర్చవుతుంటాయి. గోలీ పాస్ ఇచ్చి, అదే బంతిని క్రీజులో ఉండి మళ్లీ అందుకుంటే కొత్త 4 వస్తాయి, కొత్త 20 మాత్రం రాదు. బంతి పట్టుకుని బయటికొచ్చాక అలాగే క్రీజులోకి తిరిగి దూరడం కుదరదు. మహిళల ఆటలో గోలీకి 10 సెకన్లు ఉంటాయి. అమ్మాయిల మ్యాచ్‌లు చూసి వచ్చినవాళ్లు మా మ్యాచ్‌లో "ఏమిటీ తొందర?" అనడం అందుకే.

అపోహ: 20 సెకన్లూ రిఫరీ మనసులో లెక్కపెట్టుకుంటాడు, అందుకే తేడాలు.

వాస్తవం: 4, 10 సెకన్ల లెక్కలను అందరికీ కనిపించేలా చెయ్యి ఊపుతూ లెక్కపెడతాం. 20కి మాత్రం మా ఒంటి మీద టైమర్ ఉంటుంది, సమయం అయిపోగానే కూస్తుంది. మనసులో అంకెలు నడుస్తుంటే కళ్లు పనిచేయవు కదా. క్లియర్ జరిగేటప్పుడు చూడాల్సింది బంతి ఒక్కటే కాదు. ఒక జట్టు తన డిఫెన్స్ సగంలో ఏడుగురికి, అవతలి సగంలో ఆరుగురికి మించి ఉండకూడదు. పొడుగు స్టిక్ పట్టుకున్న డిఫెండర్ బంతితో గీత దాటుతుంటే ఒక మిడ్‌ఫీల్డర్ వెనకాల ఆగిపోవాలి. "మిడీ, బ్యాక్!" అని బెంచి అరిచేది అతని కోసమే. ఆ కుర్రాడు ఆగాడా, ఆదమరిచి పరుగెత్తాడా అన్నది చూడాలంటే నా తలలో "పదమూడు, పద్నాలుగు" అని తిరగకూడదు.

ఒక మ్యాచ్‌లో నేను టైమర్ నొక్కడమే మర్చిపోయాను. తీరా చూసుకునేసరికి బంతి మధ్య గీతకు దగ్గరలో ఉంది. "ఓ పన్నెండు అయ్యుంటాయి" అని ఊహించి విజిల్ ఊదే ధైర్యం నాకు లేదు, ఉండకూడదు కూడా. అప్పుడే నొక్కాను. ఆ జట్టుకు నా వల్ల కొన్ని సెకన్లు కలిసొచ్చాయి. రైడ్ చేసిన కోచ్ కోపంలో న్యాయం ఉంది.

అపోహ: బంతి గాల్లో గీత దాటితే చాలు.

వాస్తవం: చాలదు. బంతి పట్టిన ఆటగాడి కాలు అవతలి నేల మీద పడాలి, లేదా వదిలిన బంతి అవతల నేలనో ఆటగాణ్నో తాకాలి. పంతొమ్మిదో సెకనులో విసిరిన పొడుగాటి పాస్ ఇంకా గాల్లో ఉండగానే టైమర్ కూస్తే క్లియర్ కాలేదన్నట్టే. చూసేవాళ్లకు ఇది అన్యాయంగానే కనిపిస్తుంది.

అపోహ: గీత దాటేశాక ఇక తీరిగ్గా ఆడుకోవచ్చు.

వాస్తవం: మైదానం పొడవు 110 గజాలు. గోల్ ఏరియా ఎండ్ లైన్ (మైదానం చివరి గీత) నుంచి 35 గజాలు. అంటే మధ్య గీత నుంచి ఆ ఏరియా అంచుకు 20 గజాలు మిగులుతాయి, దానికి 10 సెకన్లు. పరుగెత్తేవాడికి ఎక్కువే. ఊపిరి పీల్చుకుంటూ సబ్‌స్టిట్యూషన్ కోసం ఆగేవాడికి మాత్రం చాలవు, ఈ 10 సెకన్ల దగ్గర దొరికిపోయేది వాళ్లే.

అపోహ: టైమ్ దాటితే ఆటగాణ్ని పెనాల్టీ బాక్స్‌కు పంపుతారు.

వాస్తవం: పంపరు. బంతి అవతలి జట్టుకు వెళ్తుంది, అంతే. అయితే గోల్ ఎదురుగానే బంతి దొరికిందని వాళ్లు సంబరపడక్కర్లేదు. గోల్ ఏరియాలో ఉంటే బయటికి తెచ్చి ఇస్తాం.

అపోహ: లాక్రోస్ ఎక్కడైనా ఒకటే కాబట్టి టీవీలో చూసిందే ఇక్కడా నియమం.

వాస్తవం: నాకు వచ్చే ఫిర్యాదుల్లో దీని వాటా తక్కువేం కాదు. అమెరికా కాలేజీ పురుషుల ఆటలో 2019 నుంచి 80 సెకన్ల షాట్ క్లాక్, అంటే బంతి దొరికిన జట్టు షాట్ కొట్టాల్సిన గడువు, నడుస్తోంది. బంతి దొరకగానే అది మొదలవుతుంది, అందులోనే 20 సెకన్లలో మధ్య గీత దాటాలి. కాలేజీ మహిళల ఆటలో 90 సెకన్ల క్లాక్ 2017లో వచ్చింది. ఇండోర్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎల్‌ఎల్‌లో గీత దాటడానికి 8 సెకన్లే, షాట్‌కు 30. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఆడబోయే, జట్టుకు ఆరుగురుండే సిక్సెస్ ఫార్మాట్‌లోనూ షాట్ క్లాక్ 30 సెకన్లే. టీవీలో కాలేజీ మ్యాచ్ చూసిన మర్నాడు మైదానానికి వచ్చి "షాట్ క్లాక్ ఏది సార్?" అని అడిగేవాళ్లకు నేను నా చేతికున్న టైమర్ చూపిస్తాను. అందులో 20 తప్ప ఇంకో అంకె లేదు.