డిస్కు పారేయకండి: వీడియో కన్వర్షన్‌పై అపోహలు, వాస్తవాలు

అపోహ: పాత పెళ్లి డీవీడీని 4కే చేయిస్తే క్లారిటీ పెరుగుతుంది.

విజయవాడ గవర్నర్‌పేటలోని మా షాపుకి వారానికి ఇద్దరైనా ఈ మాట పట్టుకుని వస్తారు. ఎవరు పుట్టించారో గానీ, ఇది శుద్ధ అబద్ధం. మన డీవీడీలో బొమ్మ 720 బై 576 చుక్కలు (పిక్సెళ్లు). దాన్ని 4కే, అంటే 3840 బై 2160కి సాగదీస్తే చుక్కలు పెరుగుతాయి గానీ, ఆ రోజు కెమెరాకి అందని ముక్కుపుడక రాయి ఇప్పుడు కనబడదు. పైగా డీవీడీలో వీడియోని కుదించి దాచే ఎంపెగ్-2 పద్ధతి నుంచి, ఫోన్లు వాడే హెచ్.264 పద్ధతిలోకి మార్చిన ప్రతిసారీ ఎంతో కొంత వివరం పోతుంది. పోయింది తిరిగి రాదు. ఏఐతో పెంచుతామనేవాళ్లు లేని వివరాన్ని ఊహించి గీయిస్తున్నారు. ఒక్కోసారి మనిషి మొహమే మారిపోతోంది.

డబ్బు పోతే పోయింది. ఫైలు చేతికొచ్చింది కదా అని అసలు డిస్కు పారేస్తున్నారు, నాకు బాధ అక్కడే.

పోయిన వేసవిలో తెనాలి నుంచి ఒక పెద్దాయన పెన్‌డ్రైవ్ తెచ్చారు. 2007లో జరిగిన కూతురి పెళ్లి. వేరేచోట '4కే' చేయించి, డిస్కులు పాతసామాన్ల వాడికి ఇచ్చేశారు. "బాబూ, తలంబ్రాల దగ్గర మా ఆవిడ మొహం తెలియట్లేదు, కాస్త చూడు" అన్నారు. ఆవిడ ఇప్పుడు లేరు.

ఫైలు తెరిచి చూస్తే పేరుకే 4కే, బిట్‌రేట్ (ఒక్కో సెకను వీడియోకి ఇచ్చిన డేటా) 2 ఎంబీపీఎస్, అంటే 2 మెగాబిట్లే. తలంబ్రాలంటే వీడియోని కుదించే ఎన్‌కోడర్‌కి పెద్ద పరీక్ష. వందల గింజలు ఒక్కసారే తలో దిక్కుకి ఎగురుతాయి, ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ పోలిక దొరకదు, ఉన్న బిట్లు చాలవు. పసుపు బియ్యమంతా ముద్దయిపోయింది, వెనక నిలబడ్డ ఆవిడ మొహం గళ్లు గళ్లుగా విరిగిపోయింది. డీఇంటర్‌లేస్ (డీవీడీలో సరి, బేసి గీతలుగా విడివిడిగా ఉండే బొమ్మని ఒకటి చేయడం) కూడా చేయలేదు, చెయ్యి కదిలిన చోటల్లా దువ్వెన పళ్లలా గీతలు. ఆ ఫైల్లోంచి ఎవరూ ఏమీ తీయలేరు.

"బాబాయ్‌గారూ, వియ్యాలవారి దగ్గర ఇంకో సెట్టు ఉందేమో అడగండి" అన్నాను. పది రోజుల తర్వాత గుంటూరులోని వియ్యపురాలి బీరువాలోంచి రెండు డిస్కులు తెచ్చారు. ఒకదాని మీద గీతలు, మూడోసారికి గానీ చదవలేదు. అందులో తలంబ్రాల గింజలు విడివిడిగా కనిపించాయి. ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్నారు. ఆయన అక్కడ ఆపమని, చాలాసేపు చూస్తూ కూర్చున్నారు.

అందుకే ముందు డిస్కులో అసలు వీడియో ఉండే వీఓబీ ఫైళ్లన్నీ ఉన్నవి ఉన్నట్టు హార్డ్‌డిస్కులోకి కాపీ చేయించుకోండి. మామూలు డిస్కుకి 4.7 జీబీకి మించదు. ఫోన్‌లో చూసుకోవడానికి డీఇంటర్‌లేస్ చేసిన హెచ్.264 కాపీ విడిగా తీయించుకోండి, ఉన్న సైజులోనే.

అపోహ: ఎంపీ4 అయితే ఏ టీవీలోనైనా ఆడుతుంది.

ఎంపీ4 డబ్బా లాంటిది. లోపల పప్పుందో పచ్చడుందో డబ్బా చూసి చెప్పలేం. హెచ్.264 తర్వాతి తరమైన హెచ్.265 ప్రమాణం వచ్చిందే 2013లో, అంతకుముందు కొన్న టీవీకి అది అర్థం కాదు. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే టీవీ పోయిందని టెన్షన్ పడకండి, ఆడియో కోడెక్ (శబ్దాన్ని కుదించిన పద్ధతి) ఏదో చూడండి. బొమ్మకి హెచ్.264, శబ్దానికి ఏఏసీ పెట్టమంటే దాదాపు అన్నిట్లోనూ ఆడుతుంది.

అపోహ: 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో 5 జీబీ ఫైలు ఎక్కట్లేదంటే అది డూప్లికేట్.

ఇలాంటి పెన్‌డ్రైవ్‌లు మామూలుగా వచ్చే ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో (ఫైళ్లని సర్దే పద్ధతి) 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, అంతే. టీవీ చదువుతుందో లేదో చూసుకుని ఆ పరిమితి లేని ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌కి మార్చండి. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా పోతుంది, ముందే కాపీ తీసుకోండి.

అపోహ: నాలుగు గంటల పెళ్లి ఒకే డీవీడీలో పట్టించవచ్చు.

పడుతుంది. కానీ బిట్‌రేట్ 2.6 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది, ఎంపెగ్-2కి అది చాలదు. రెండు డిస్కులు చేయించండి.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నలిగిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ వరకు వెళ్తుంది.

డిస్కులు ఇప్పటికే పారేసినవాళ్లు కంగారు పడకండి. ఆ రోజుల్లో రెండు మూడు సెట్లు తీయించేవాళ్లు. వియ్యాలవారిని, మేనమామని అడిగి చూడండి. దొరికితే గుండ్రంగా తిప్పుతూ తుడవకండి. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తుడిచి తీసుకురండి.